విదేశీ పోస్టింగ్: కంపెనీ 'స్కూల్ ఫీజు ఇస్తాం' అంటే ఎంత ఇచ్చినట్టు?

ప్రశ్న

మూడేళ్ళ విదేశీ పోస్టింగ్. పిల్లలు ఇద్దరు: చిన్నవాడు ఐదో తరగతి, పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి పూర్తిచేస్తున్నారు. ఆఫర్ లెటర్‌లో "పిల్లల ట్యూషన్ ఫీజు, పరిమితికి లోబడి" అని ఒకే ఒక్క వాక్యం ఉంది. స్కూల్ సైట్‌లో పెట్టిన ట్యూషన్ ఫీజు, కంపెనీ పరిమితి దాదాపు ఒకేలా ఉన్నాయి. సంతకం పెట్టేముందు ఇంకేమైనా చూసుకోవాలా?

జవాబు

చూసుకోవాల్సిందంతా ట్యూషన్ బయటే ఉందండీ. స్కూల్ నుంచి పూర్తి ఫీజు షెడ్యూల్ పీడీఎఫ్ తెప్పించుకోండి. సైట్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది ట్యూషన్, చిన్న అక్షరాల్లో ఉండేవి మిగతావి: అప్లికేషన్ ఫీజు (సీటు రాకపోయినా వెనక్కి రాదు), ప్రవేశ పరీక్ష ఫీజు, ఎన్‌రోల్‌మెంట్ ఫీజు, డిపాజిట్, ఏటేటా క్యాపిటల్ లెవీ (భవనాలు, వసతుల పేరుతో వసూలు చేసేది), బస్సు, భోజనం, యూనిఫాం, ల్యాప్‌టాప్, ట్రిప్పులు, పెద్ద తరగతుల్లో బోర్డు పరీక్ష ఫీజు. ఇంగ్లీషు ఇంకా గట్టిపడని పిల్లలకు ఈఏఎల్ (అదనపు భాషగా ఇంగ్లీషు) క్లాసులని విడిగా వసూలు చేసే స్కూళ్ళూ ఉన్నాయి.

లెక్క తేలిక కావడానికి ఒక బిడ్డ ట్యూషన్ 100 అనుకుందాం. ఇవి ఊహ అంకెలే, మీ స్కూల్ అంకెలు వేసుకోండి. ఎన్‌రోల్‌మెంట్ 10, లెవీ 8, బస్సు 9, భోజనం 5, యూనిఫాం-ట్రిప్పులు-ల్యాప్‌టాప్ కలిపి 6, ఈఏఎల్ 12. మొదటి ఏడాది మొత్తం 150. కంపెనీ పరిమితి 90 అయితే మీ జేబులోంచి 60. ఇద్దరు పిల్లలకు 120. అంటే మూడో బిడ్డను కూడా చదివిస్తున్నంత ఖర్చు!

రెండో ఏడాది ఎన్‌రోల్‌మెంట్ పోతుంది, కానీ ట్యూషన్ పెరుగుతుంది. పెరుగుదల రెండు దారుల్లో వస్తుంది. ఏటా స్కూల్ పెంచేది ఒకటి, బిడ్డ పై తరగతికి వెళ్ళినందుకు పెరిగేది ఇంకొకటి. ఆరులోకి, పదకొండులోకి అడుగుపెట్టేటప్పుడు పెద్ద గెంతు ఉంటుంది చాలాచోట్ల. గత మూడేళ్ళ ఫీజు షెడ్యూళ్ళు అడగండి, ఇవ్వకపోతే పాత విద్యార్థుల తల్లిదండ్రుల దగ్గర దొరుకుతాయి. దుబాయ్‌లో అయితే కేహెచ్‌డీఏ (అక్కడి ప్రైవేటు స్కూళ్ళను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) అనుమతి లేకుండా ప్రైవేటు స్కూల్ ఫీజు పెంచడానికి వీల్లేదు. అలాంటి కట్టడి అన్ని దేశాల్లోనూ ఉండదు.

జవాబు

పై లెక్కలో పన్ను రాలేదు. కంపెనీ కట్టే ఫీజును ఉద్యోగి ఆదాయంగా చూసి పన్ను వేసే దేశాలు చాలా ఉన్నాయి. మీ రేటు 30 శాతం అనుకుంటే ఆ 90 మీద 27 పన్ను. జేబు ఖర్చు 60 నుంచి 87కి పోయింది. అందుకే "పన్ను కంపెనీయే భరిస్తుంది" అనే మాట కాంట్రాక్ట్‌లో పడాలి, దాన్నే గ్రాస్-అప్ అంటారు. మీ చేతికి నికరంగా 90 రావాలంటే కంపెనీ దాదాపు 129 ఖర్చుపెట్టాలి (90ని 0.70తో భాగించండి). హెచ్‌ఆర్ వాళ్ళు ఈ మాట దగ్గర నసగడానికి కారణం అదే.

దేశాన్ని బట్టి మినహాయింపులుంటాయి. నెదర్లాండ్స్‌లో విదేశీ నిపుణులకిచ్చే '30 శాతం రూలింగ్' కింద ఇంటర్నేషనల్ స్కూల్ ఫీజును కంపెనీ పన్ను లేకుండా తిరిగి ఇవ్వొచ్చు. జర్మనీలో గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూల్‌కు మీరు సొంతంగా కట్టిన ఫీజులో 30 శాతం, బిడ్డకు ఏటా గరిష్ఠంగా 5,000 యూరోల దాకా, ఆదాయంలోంచి తగ్గించి చూపించుకోవచ్చు. భోజనం, వసతి ఖర్చు అందులో లెక్కకు రావు.

అడిగినవారు

వివరాలకు కృతజ్ఞతలండీ. హెచ్‌ఆర్‌ను అడిగితే "మిగతావి కూడా చూసుకుంటాం, కంగారు పడకండి" అన్నారు. కాగితం మీద ఏమని రాయించుకోవాలి?

జవాబు

నోటి మాట నీటి మూట. మిమ్మల్ని పంపిన హెచ్‌ఆర్ వేరు, అక్కడ బిల్లు పాస్ చేసే ఫైనాన్స్ వేరు. ఈ అంశాలన్నీ లెటర్‌లో ఉండాలి:

"ట్యూషన్" బదులు "స్కూల్ తప్పనిసరిగా వసూలు చేసే ఫీజులన్నీ" అని ఉండాలి. బస్సు, ఈఏఎల్ తప్పనిసరి కిందికి రావని తర్వాత అంటారు కాబట్టి వాటి పేర్లు విడిగా పెట్టించండి.

పరిమితి ఏ కరెన్సీలో? జీతం ఒక కరెన్సీ, ఫీజు ఇంకో కరెన్సీ అయితే మారకం విలువ పడిపోయినప్పుడు దెబ్బ మీదే. పరిమితి ఫీజు కరెన్సీలోనే ఉండాలి, స్కూల్ పెంచినప్పుడల్లా అదీ పెరగాలి.

కంపెనీ నేరుగా స్కూల్‌కు కడుతుందా, మీరు కట్టి బిల్లు పెట్టాలా? ఏడాది ఫీజు ఒకేసారి కడితే రాయితీ ఇచ్చే స్కూళ్ళున్నాయి, కానీ బిల్లు డబ్బు వచ్చేదాకా రెండు మూడు నెలలు ఆ మొత్తం మీరే సర్దుకోవాలి.

చిన్నపిల్లలున్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. నిర్బంధ విద్య వయసు వచ్చేదాకా ఫీజు ఇచ్చేది లేదనే పాలసీలు మామూలే.

అన్నిటికన్నా ముఖ్యం, మీరు మానేసినా కంపెనీ తీసేసినా ఏమవుతుందన్నది. నడుస్తున్న విద్యా సంవత్సరం చివరిదాకా ఫీజు కంపెనీదే అని రాయించుకోవాలి. కట్టిన ఫీజును జీతంలోంచి వెనక్కి లాక్కునే షరతు ఉంటే, ఎన్ని నెలల పని తర్వాత అది వర్తించదో స్పష్టంగా ఉండాలి.

జవాబు

మీ పెద్దమ్మాయి గురించి ఎవరూ అనలేదు. డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే.

బ్రిటిష్ స్కూళ్ళ 'ఇయర్' అంకె అమెరికన్ 'గ్రేడ్' అంకెకన్నా ఒకటి ఎక్కువ. ఇయర్ 11 అంటే గ్రేడ్ 10. రెండు స్కూళ్ళ ఫీజులు పోల్చేటప్పుడు ఇయర్ 10ని గ్రేడ్ 10 పక్కన పెట్టి చాలామంది పొరపడతారు. అమ్మాయి పదిలోకి వెళ్ళాలి అంటే కేంబ్రిడ్జ్ (బ్రిటిష్ సిలబస్) స్కూల్‌లో ఇయర్ 11. ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి పరీక్ష లాంటిది) సాధారణంగా ఇయర్ 10, 11 కలిపి రెండేళ్ళ కోర్సు, సగంలో చేర్చుకోవడానికి చాలా స్కూళ్ళు ఒప్పుకోవు. ఒక ఏడాది వెనక్కి, ఇయర్ 10లో వేస్తామంటారు. దాంతో ఒక ఏడాది ఫీజు అదనం, పైగా మూడేళ్ళ పోస్టింగ్ అయ్యేసరికి ఆఖరి ఏడాది మిగిలే ఉంటుంది.

అమెరికన్ కరికులమ్, లేదా ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్) వాళ్ళ ఎంవైపీ అనే మధ్య తరగతుల కోర్సు నడిపే స్కూళ్ళు గ్రేడ్ 10లో సులువుగా చేర్చుకుంటాయి. అప్పుడు 10, 11, 12 మూడేళ్ళలో సరిపోతాయి. ఐబీ డిప్లొమా ఆఖరి రెండేళ్ళ కోర్సు. ఆరు సబ్జెక్టులు, అందులో మూడో నాలుగో హయ్యర్ లెవెల్. మధ్యలో ఇంకో స్కూల్‌కు మారితే అవే సబ్జెక్టులు అదే లెవెల్‌లో దొరకడం కష్టం. అందుకని "బిడ్డ ఆఖరి రెండేళ్ళలో ఉండగా బదిలీ చేస్తే, కోర్సు పూర్తయ్యేదాకా ఫీజు, వసతి కంపెనీవే" అన్న షరతు పట్టుబట్టి పెట్టించండి.

పేరులో 'ఇంటర్నేషనల్' ఉంటే ఐబీ అనుకోవద్దు. ఐబీ సంస్థ సైట్‌లో స్కూల్ పేరు వెతకండి. 'క్యాండిడేట్' అంటే అనుమతి ఇంకా రాలేదని.

జవాబు

చిన్నవాడికి ఇంటర్నేషనల్ స్కూలే కావాలా అన్నది కూడా ఆలోచించండి. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ సబ్సిడీతో నడిచే ఇంటర్నేషనల్ స్కూళ్ళున్నాయి, ప్రైవేటువాటికన్నా బాగా చవక. లక్సెంబర్గ్‌లో యూరోపియన్ కరికులమ్ చెప్పే ప్రభుత్వ స్కూళ్ళు ఉచితం. గల్ఫ్‌లో సీబీఎస్ఈ స్కూళ్ళ ఫీజు బ్రిటిష్, అమెరికన్ స్కూళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. అయితే సీట్ల కోసం ముందే వరుసలో ఉండాలి.

అడిగినవారు

డిపాజిట్ వెనక్కి వస్తుందని స్కూల్ అంటోంది. నమ్మొచ్చా?

జవాబు

వస్తుంది, నోటీసు సరిగ్గా ఇస్తే. మామూలుగా ఒక పూర్తి టర్మ్ ముందు ఇవ్వాలి. ఏడాది జూన్‌లో ముగిసి, మూడో టర్మ్ ఏప్రిల్‌లో మొదలైతే, ఆ టర్మ్ మొదటి రోజుకు ముందే స్కూల్‌కు ఉత్తరం అందాలి. బదిలీ ఆర్డర్ మేలో వస్తే డిపాజిట్ పోయినట్టే, కొన్నిచోట్ల పై టర్మ్ ఫీజు కూడా అడుగుతారు. ఆ నష్టం కంపెనీ భరించాలని రాయించుకోండి. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే ఏడాదికి సీటు ఖాయం చేసుకోమని ఫారం పంపుతారు. దానితోపాటు కట్టేది వెనక్కి రాదు, కాబట్టి పోస్టింగ్ పొడిగింపు తేలకుండా సంతకం పెట్టకండి.

హాంకాంగ్‌లో లాగా స్కూల్ డిబెంచర్ (సీటు కోసం స్కూల్‌కు అప్పుగా ఇచ్చే పెద్ద మొత్తం) అడిగితే, దాన్ని కంపెనీ పేరు మీదే కొనిపించండి. మీ పేరు మీద కొంటే ఏటా విలువ తరిగే రకమా, మొత్తం తిరిగొచ్చే రకమా, తిరిగి ఇవ్వడానికి ఎన్నాళ్ళు పడుతుందో కాగితం చూసి తేల్చుకోండి.