మంచుకి మాడిపోతున్న బంగాళాదుంప: నీళ్లు ఎప్పుడు కొట్టాలి?

మా అత్తగారిది ఇండోనేషియాలోని మధ్య జావాలో డియెంగ్ పీఠభూమి మీద చిన్న ఊరు. దాదాపు 2000 మీటర్ల ఎత్తు. భూమధ్యరేఖకి ఇంత దగ్గర్లో గడ్డకట్టే మంచేంటని నేనూ నవ్వాను. జులై, ఆగస్టుల్లో ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో పడుతుంది. ఇక్కడివాళ్లు 'ఎంబున్ ఉపాస్', అంటే విషపు మంచు అంటారు.

పావెకరంలో గ్రానోలా రకం బంగాళాదుంప, 45 రోజుల పైరు. మొన్న తెల్లవారుజామున నాలుగున్నరకి బోదె మీద పెట్టిన థర్మామీటర్ మైనస్ 1 చూపించింది. ఆకుల అంచున ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుంది. ఎండెక్కేసరికి పై ఆకులు ఉడికిన తోటకూరలా నల్లగా వాలిపోయాయి. కాండం, కింది ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

మంచు నుంచి పైరుని కాపాడదామని షేడ్ నెట్ నేరుగా మొక్కల మీద పరిచాం, వల తగిలిన ఆకులే ముందు మాడాయి. పొగ పెడితే మాకు దగ్గు తప్ప ఏమీ మిగల్లేదు. నిన్న తెల్లవారుజామున ఐదున్నరకి స్ప్రింక్లర్ వేసి పావుగంటలో ఆపేశాం, ఇంకా ఎక్కువ పాడైంది. ఊట నీళ్లు వంతుల మీద వస్తాయి, మాకు రాత్రికి రెండు గంటలే.

లంబసింగి వైపుగానీ, చలి ప్రాంతాల్లోగానీ ఇది చేసినవాళ్లు చెప్పండి: ఆ రెండు గంటల నీళ్లు సరిగ్గా ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపాలి?