వృద్ధులకూ వికలాంగులకూ ఆర్టీసీలో పూర్తి ఉచిత ప్రయాణం కల్పించాలా, రాయితీ చాలునా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట:

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, హైదరాబాదులో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ జీరో టికెట్‌పై ప్రయాణిస్తున్నారు. ఆ పథకాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దాన్ని కుదించాలని అడగడానికి ఈ చర్చ మొదలుపెట్టలేదు. డెబ్బై ఏళ్లు దాటిన మగవారికీ, వయసుతో నిమిత్తం లేకుండా వికలాంగులైన మగవారికీ అవే బస్సుల్లో పూర్తి ఉచిత ప్రయాణం కల్పించాలా, వద్దా అన్నది నా ప్రశ్న.

కల్పించాలనే నేనంటాను. టికెట్ ధర చిన్నదే కావచ్చు గాని, దాని కోసం చెయ్యి చాచవలసి రావడం చిన్న సంగతి కాదు. ఉన్న ఎకరం, రెండెకరాలు కొడుకుల పేర రాసిచ్చిన ముసలాయన చేతిలో నెలనెలా వచ్చే 2,016 రూపాయల ఆసరా పింఛను తప్ప మరో డబ్బు ఉండదు. బీపీ, షుగరు మందులకు పోగా మిగిలింది ఇంటి ఖర్చులోనే కలిసిపోతుంది. ఏరియా ఆసుపత్రికి పోవాలంటే రానూపోనూ ఛార్జీ కొడుకునో కోడలినో అడగాలి. “మొన్ననే కదా పోయొచ్చినవ్” అని ఇంట్లో ఒకరు అన్నారంటే, కోపంగా అనకపోయినా సరే, వచ్చే నెల చేయించుకోవలసిన పరీక్షను ఆయన మానుకుంటాడు. అదే ఇంటి నుంచి ఆయన భార్య ఆధార్ కార్డు పట్టుకుని ఎవరినీ అడగకుండా వెళ్లి వస్తోంది. రాయితీతో ఆయన ఇబ్బంది తీరదు, ఎందుకంటే సగం ఛార్జీకైనా అడగక తప్పదు.

మహారాష్ట్రలో 2022 ఆగస్టు నుంచి రాష్ట్ర రవాణా సంస్థ బస్సుల్లో 75 ఏళ్లు నిండినవారికి ప్రయాణం పూర్తిగా ఉచితం; 65 నుంచి 75 దాకా సగం ఛార్జీ. పొరుగు రాష్ట్రంలో నడుస్తున్నది ఇక్కడ నడవకూడదనడానికి కారణం ఏమిటో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఆడిటరు, హైదరాబాదు:

మాస్టారూ, మీ బాధ అర్థమయింది. కానీ నా అభ్యంతరం లెక్కల దగ్గర మొదలవుతుంది. జీరో టికెట్ అంటే ఛార్జీ లేకపోవడం కాదు; ఆ ఛార్జీని ప్రయాణికుడికి బదులు ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. చెల్లింపు ఆలస్యమైతే ఆ భారం డీజిల్ మీద, టైర్ల మీద, సిబ్బంది బకాయిల మీద పడుతుంది. నిధి చూపకుండా ఇచ్చిన రాయితీ ఎంత సులువుగా పోతుందో రైల్వేలో చూశాం. అరవై దాటిన మగవారికి 40 శాతం, 58 దాటిన మహిళలకు 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో కోవిడ్ పేరుతో నిలిపివేశారు, కోవిడ్ పోయినా పునరుద్ధరించలేదు.

పైగా డెబ్బై దాటినవారందరూ నిరుపేదలు కారు. నెలకు అరవై వేల పెన్షన్ తీసుకునే విశ్రాంత అధికారికీ, మీరు చెప్పిన ముసలాయనకూ ఒకే పాసు ఇవ్వడం న్యాయమా? తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికే పరిమితం చేయండి. లేదంటే చెన్నైలో సిటీ బస్సులకు అరవై దాటిన స్థానికులకు నెలకు 10 ఉచిత టోకెన్లు ఇస్తున్నట్టు ఒక పరిమితి పెట్టండి. మిగిలిన సొమ్ముతో కొత్త బస్సులు కొనవచ్చు.

కండక్టరు, ఉమ్మడి నల్గొండ జిల్లా:

ఇద్దరి మాటలూ చదివాను. బస్సులో రోజూ చూసేది చెబుతాను. వృద్ధులకు టికెట్ కంటే ముందు మెట్టు అడ్డం వస్తోంది. మా పల్లె వెలుగు బస్సుల్లో మొదటి మెట్టు నేలకు చాలా ఎత్తున ఉంటుంది. ఊతకర్ర ఉన్న పెద్దాయన ముందు కర్రను లోపలికి అందిస్తాడు, రెండు చేతులతో కడ్డీ పట్టుకుంటాడు, ఒక మోకాలు మెట్టు మీద ఆనించి ఆగుతాడు. అప్పుడు పైనుంచి నేనో, వెనక నుంచి మరొకరో ఊతం ఇవ్వాలి. దీనికి అరనిమిషం పడుతుంది. డ్రైవరు బస్సును స్టాపు అంచుకు ఆనించి ఆపితే ఎక్కడం కొంత తేలిక. ఆటోలు అడ్డం ఉండి రోడ్డు మధ్యనే ఆపితే ఆయన గట్టు దిగి, మళ్లీ అంత ఎత్తు ఎక్కాలి. జనం కిక్కిరిసి ఉన్నప్పుడు, టైము తప్పుతున్నప్పుడు, ఆ అరనిమిషం ఇవ్వడానికి అందరికీ ఓపిక ఉండదు. మాలోనూ ఉండనివారు ఉన్నారని ఒప్పుకుంటాను.

ఉచితం చేస్తే నా పని పెరగదు. టిమ్ మిషన్‌లో జీరో టికెట్ కొట్టడం టికెట్ కొట్టినంత పనే, చిల్లర గొడవ కూడా తప్పుతుంది. అయితే పాసు కోసం ముసలివారిని పట్టణంలోని కౌంటరు చుట్టూ తిప్పవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మహిళలకు ఆధార్ చాలినప్పుడు వయసు రుజువుకూ అదే చాలాలి.

పాఠకురాలు, విజయవాడ:

కండక్టరు గారు చెప్పినదానికి మా దగ్గర రుజువు ఉంది. ఏపీఎస్ఆర్టీసీలో అరవై దాటినవారికి 25 శాతం రాయితీ ఉంది. ఆధార్ చూపిస్తే ఇస్తారు, ప్రత్యేక పాసు అక్కర్లేదు. 2025 ఆగస్టు 15న మహిళల ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలైన తర్వాత మా నాన్నగారు, అమ్మ కలిసి ప్రయాణం చేస్తే అమ్మకు జీరో టికెట్, నాన్నగారికి ముప్పావు టికెట్. నాన్నగారికి పెన్షన్ వస్తుంది గనుక మాకు ఇబ్బంది లేదు. లేనివారి సంగతి మాస్టారు చెప్పినట్టే ఉంటుంది.

పోలియో బాధితుడు, కరీంనగర్:

ఆడిటరు గారూ, మీరు వృద్ధుల గురించే మాట్లాడారు. వికలాంగుల విషయంలో లెక్క వేరు. కాలు సరిగా ఉన్నవాడు రెండు కిలోమీటర్లు నడిచి షేర్ ఆటో డబ్బు మిగుల్చుకోగలడు, సైకిల్ తొక్కగలడు. నాకు ఆ దారి లేదు. ఇంటి నుంచి బస్ స్టాపుకు ఆటో, దిగాక మళ్లీ ఆటో. బస్సు టికెట్ మా ప్రయాణ ఖర్చులో ఒక భాగం మాత్రమే, మిగతా రెండు భాగాలు ఎప్పుడూ మా మీదే ఉంటాయి. ఆర్టీసీ ఇచ్చే రాయితీ పాసు నాకు ఉంది, అది మేలే చేసింది. కానీ 40 శాతం వైకల్యమని సదరం ధ్రువపత్రం పొందడానికి శిబిరానికి తిరిగినవాణ్ని, మళ్లీ ప్రతి పథకానికీ వేరే దరఖాస్తు, వేరే ఫొటో, వేరే క్యూ ఎందుకు పెడతారు?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 41వ సెక్షన్ రవాణా సదుపాయాలు మాకు అందుబాటులో ఉండాలని చెబుతోంది. అందుబాటు ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోరాదని, తప్పనిసరి నియమాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో తీర్పు ఇచ్చింది. కాబట్టి మెట్టు ఎత్తు తగ్గించడం చట్టం అడుగుతున్న పని. దాన్ని ఉచిత ప్రయాణానికి ప్రత్యామ్నాయంగా చూపించి, రెండింటిలో ఒకటి ఎంచుకోమని మమ్మల్ని అడగకండి.

ఆడిటరు, హైదరాబాదు:

వికలాంగుల విషయంలో మీ వాదన అంగీకరిస్తున్నాను. ఆదాయ పరిమితి లేకుండానే ఇవ్వవచ్చు. వృద్ధుల విషయంలో కనీసం రద్దీ వేళలనైనా మినహాయించాలి. ఇంగ్లండులో 2008 ఏప్రిల్ నుంచి దేశమంతటా చెల్లే వృద్ధుల ఉచిత బస్సు పాసును కూడా చట్టం ప్రకారం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9:30 తర్వాతే వాడుకోవాలి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట:

ఆడిటరు గారి రెండు షరతులకూ జవాబు చెప్పాలి. రేషన్ కార్డు కుటుంబానికి ఇస్తారు, మనిషికి కాదు. కొడుక్కి ప్రభుత్వోద్యోగం ఉంటే ఆ ఇంటికి తెల్ల కార్డు ఉండదు, కానీ ఆ ఇంట్లోని తండ్రి జేబులో పది రూపాయలు ఉంటాయన్న హామీ కూడా లేదు. కార్డును కొలమానం చేస్తే నేను ఎవరి కోసం మాట్లాడుతున్నానో ఆ మనిషే జారిపోతాడు. అరవై వేల పెన్షన్ వచ్చే పెద్దమనిషి పల్లె వెలుగు ఎక్కడం అరుదు. ఎక్కినా ఆయన వల్ల పడే భారం, అర్హుడైన ఒక వృద్ధుణ్ని తొలగించడం వల్ల కలిగే నష్టం కంటే ఎక్కువని నేననుకోను.

ఇక వేళల సంగతి. ఇంగ్లండులో పది నిమిషాలకో అరగంటకో మరో బస్సు వచ్చే ఊళ్లలో ఆ నియమం సరిపోవచ్చు. మా పల్లెల్లో నైట్ హాల్ట్ బస్సు తెల్లవారి బయలుదేరితే, తిరిగి సాయంత్రమే ఊరు చేరుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఇచ్చేది పొద్దున పూటే. తొమ్మిదిన్నర తర్వాతే పాసు చెల్లుతుందంటే మధ్యాహ్నానికి చేరతాడు, అప్పటికి డాక్టరు గదికి తాళం పడుతుంది. అందుకే వేళల పరిమితికి నేను ఒప్పుకోలేను. నిధి గురించి మీరన్నదాన్ని మాత్రం పూర్తిగా తీసుకుంటున్నాను: వృద్ధుల, వికలాంగుల జీరో టికెట్లను మహాలక్ష్మి లెక్కలో కలపకుండా విడిగా నమోదు చేసి, ఆ మొత్తానికి బడ్జెట్‌లో వేరే పద్దు పెట్టి, నెలనెలా సంస్థకు చెల్లించాలి.

కరీంనగర్ తమ్ముడికి ఒక ప్రశ్న. చూపు లేనివారికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి తోడు వచ్చే మనిషి సంగతి నా ప్రతిపాదనలో లేదు. భార్యో కూతురో తోడు వస్తే ఆమెకు ఎలాగూ జీరో టికెట్ దొరుకుతుంది. కొడుకు వస్తే పూర్తి ఛార్జీ. తోడుకూ ఉచితం అడగాలా, అడిగితే ఏ స్థాయి వైకల్యం నుంచి అడగాలి?

పోలియో బాధితుడు, కరీంనగర్:

అడగాలి మాస్టారూ. శాతాన్ని బట్టి వద్దు. తోడు లేకుండా ప్రయాణం చేయలేరని ధ్రువపత్రం ఇచ్చే డాక్టరే రాయాలి, ఆ మాట కార్డు మీద అచ్చు కావాలి. నేను ఒక్కణ్నే బస్సు ఎక్కగలను, నాకు ఆ సదుపాయం అక్కర్లేదు. మా వీధిలో కండరాల క్షీణతతో ఉన్న కుర్రవాణ్ని వాళ్ల నాన్న భుజాన ఎత్తుకుని ఫిజియోథెరపీకి తీసుకుపోతాడు; ఆ తండ్రికి టికెట్ కొట్టకుండా ఉండేలా నియమం రాయండి.