నైట్ డ్యూటీ తర్వాత పగటి నిద్రకు తెలుగు యోగనిద్ర ఆడియో కావాలి

మాది ఒడిశాలోని రాయగడ. మిల్లులో వారం విడిచి వారం నైట్ డ్యూటీ. ఉదయం 6కి దిగి, టిఫిన్ తిని 7:30కి పడుకుంటే 10:15కల్లా మెలకువ వచ్చేస్తోంది. ఇక కళ్ల మంట, కణతల్లో నొప్పి, సాయంత్రం దాకా చిరాకు. మూడు నెలలుగా ఇదే వరస.

కిటికీకి నల్ల దుప్పటి కట్టాను. రాత్రి 1 దాటాక కాఫీ ముట్టడం లేదు (కోరాపుట్ పొడి, మానడం కష్టమే). ఫోన్ పక్క గదిలో పెట్టినా తేడా లేదు. డాక్టరుకి చూపించుకున్నాను, బీపీ, షుగర్, థైరాయిడ్ అన్నీ నార్మల్.

కాస్త పనిచేసింది యోగనిద్ర (పడుకుని, వినిపించే మాటల ప్రకారం ఒక్కో శరీర భాగం మీద ధ్యాస పెడుతూ విశ్రాంతి తీసుకోవడం) ఒక్కటే. నాకు దొరికినవేమో హిందీ, ఒడియా. ఒడియా బాగానే వచ్చు గానీ, కళ్లు మూసుకుని వింటూ ప్రతి మాటా లోపల తెలుగులోకి మార్చుకుంటూ ఉంటాను, ఇక నిద్రేం పడుతుంది! తెలుగులో ఒకటి దొరికింది. ‘కుడి మోకాలు, కుడి మడమ’ దాకా వచ్చి, సరిగ్గా 12వ నిమిషంలో గోల్డ్ లోన్ ప్రకటన, అదీ రెట్టింపు సౌండుతో.

మధ్యలో ప్రకటనలు లేకుండా, డౌన్‌లోడ్ చేసుకుని వినగలిగే అరగంట తెలుగు యోగనిద్ర ఆడియో మీరు స్వయంగా వాడుతున్నది ఏది?