అప్‌డేట్: తొమ్మిది ముక్కల బ్లాక్ కొలతకొచ్చింది

2.5 అంగుళాల గుడ్డ చదరాలు తొమ్మిది, వరుసకు మూడు చొప్పున కలిపి కుడితే 6.5 అంగుళాలు రావాల్సిన క్విల్ట్ బ్లాక్ (ముక్కల బొంతలో ఒక గడి) 6.25 దగ్గరే ఆగిపోతోందని అడిగాను కదా. తప్పు కత్తిరింపులో లేదు, కుట్టులోనే ఉంది. కుట్టు కోసం అంచున పావు అంగుళం వదులుతున్నానని నా నమ్మకం! విప్పి స్కేలు పెడితే ప్రతి అంచుకూ ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువ. వరుసకు రెండు కుట్లు, అంటే నాలుగు అంచులు; మొత్తం ఆరు మిల్లీమీటర్లు, దాదాపు పావు అంగుళం. లెక్క సరిపోయింది.

మీరు చెప్పినట్టే సూది నుంచి కొలిచి, పావు అంగుళానికి వెంట్రుకవాసి తక్కువగా మిషన్ మీద టేపు అంటించాను. ఇస్త్రీ పెట్టెతో రుద్దడం మానేసి అద్దుతున్నాను. నిన్న రాత్రి బ్లాక్ సరిగ్గా 6.5! లోపలి నాలుగు కూడళ్లూ ఎంత ముచ్చటగా కలిశాయో, వేలితో తడుముతూ కూర్చున్నాను.

పాత బ్లాకులు పన్నెండూ విప్పే ఓపిక లేదు. వాటికి దిండు గలేబుల యోగమే.