‘ద్రవ్యరాశి’లో రాశి, ‘నిత్యత్వం’లో నిత్యం

ప్రశ్న: ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్షత లెక్కలు తెలుగులో రాస్తున్నాను. ‘అభిఘాతంలో (వస్తువులు గుద్దుకోవడంలో) శక్తి నిత్యత్వాన్ని పాటిస్తుంది, ద్రవ్యరాశి పాటించదు’ అని ఒకచోట రాశాను. చదివిన మిత్రులొకరు ‘ద్రవ్యరాశి కూడా నిత్యమే, సరిచెయ్యండి’ అన్నారు. ఎవరిది సరి? అసలు ‘నిత్యత్వం’ అంటే ఇక్కడ ఏమని అర్థం చేసుకోవాలి?

జవాబు: మీరు దేన్ని ద్రవ్యరాశి అంటున్నారన్న దాన్నిబట్టి ఉంటుందండీ. ముందు ఒక లెక్క చూద్దాం, మాటల సంగతి దానితోనే తేలుతుంది.

4 కిలోల ముద్దలు రెండు. ఒక్కోటి కాంతివేగంలో 3/5 వంతు వేగంతో ఎదురెదురుగా వచ్చి గుద్దుకుని అతుక్కుపోయాయి. ఆ వేగానికి లోరెంట్జ్ గుణకం (కదలనప్పటి శక్తికి కదిలేటప్పటి శక్తి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) 5/4. శక్తిని సీ స్క్వేర్‌తో (కాంతివేగం వర్గంతో) భాగించి కిలోల్లోనే చెప్పుకుంటే ఒక్కో ముద్ద శక్తి 5, రెండింటిదీ 10. ద్రవ్యవేగాలు (మొమెంటమ్) ఎదురెదురు కాబట్టి కొట్టేసుకుంటాయి. అతుక్కున్న ముద్ద కదలకుండా ఉంటుంది, దాని శక్తి 10. కదలనిదానికి శక్తే ద్రవ్యరాశి కనుక అది 10 కిలోలు. నాలుగూ నాలుగూ కలిస్తే పది!

మనల్ని ఇక్కడ తికమకపెట్టేది ‘రాశి’ అన్న మాట. రాశి అంటే కుప్ప. రెండు కుప్పలు కలిపితే వాటి మొత్తమంత కుప్ప అవుతుందని మనసు ముందే ఒప్పేసుకుంటుంది. సదిశ రాశి, అదిశ రాశి అన్నప్పుడు మాత్రం రాశి అంటే ‘కొలవదగినది’ అని మాత్రమే. ద్రవ్యరాశిలో కూడా ఆ రెండో అర్థమే తీసుకోవాలి.

వ్యాఖ్య: మాస్టారూ, మరి ఆ అదనపు 2 కిలోలు ఎక్కడినుంచి వచ్చాయి?

జవాబు: ఎక్కడినుంచీ రాలేదమ్మా. ముద్దల గతిశక్తి (ఒక్కోదానికి 5లో 4 పోగా 1) అతుక్కున్న ముద్ద లోపల వేడిగా మిగిలింది. 2 కిలోలంటే 1.8 × 10^17 జౌళ్లు, చిన్న వేడి కాదు. గుద్దుకోకముందు కూడా రెండు ముద్దల్నీ కలిపి ఒకే వ్యవస్థగా చూస్తే శక్తి 10, మొత్తం ద్రవ్యవేగం సున్నా, కాబట్టి వ్యవస్థ ద్రవ్యరాశి అప్పుడూ 10 కిలోలే. మిత్రులు ‘నిత్యమే’ అన్నది దీన్ని. ‘పాటించదు’ అన్నది 4 + 4 అనే మొత్తాన్ని.

ఇక ‘నిత్యం’. ఉత్వసంధి నిత్యం అంటాం, అంటే ఎవరు రాసినా, ఎక్కడ రాసినా జరిగి తీరుతుందని. పాలు, నీళ్లు నిత్యబహువచనాలు. వ్యాకరణం చదివిన చెవికి నిత్యమంటే ‘ఏ సందర్భంలోనైనా అదే’ అని వినిపిస్తుంది. భౌతికశాస్త్రంలో నిత్యత్వం అంత పెద్ద మాట కాదు. ‘ముందు ఎంతో, తర్వాతా అంతే’, అదీ ఒకే నిర్దేశ చట్రంలో, అంటే ఒకే పరిశీలకుడి కొలతల్లో, చూసినప్పుడు.

అదే అభిఘాతాన్ని ఒక ముద్దతోపాటు కదులుతూ చూడండి. అది 4 కిలోలతో కదలకుండా ఉంటుంది. రెండోది కాంతివేగంలో 15/17 వంతు వేగంతో వస్తుంది, లోరెంట్జ్ గుణకం 17/8, శక్తి 8.5. మొత్తం శక్తి 12.5, ముందూ తర్వాతా. ఇందాక 10, ఇప్పుడు 12.5. రెండు చట్రాల్లోనూ శక్తికి నిత్యత్వం ఉంది, కానీ రెండింటిలోనూ అదే విలువ లేదు. ద్రవ్యవేగం (సీతో భాగించి, కిలోల్లోనే) ఇప్పుడు 7.5. శక్తి వర్గంలోంచి ద్రవ్యవేగం వర్గం తీసేస్తే వచ్చేది ద్రవ్యరాశి వర్గం. 12.5 వర్గంలోంచి 7.5 వర్గం తీసేస్తే 100, వర్గమూలం 10. వ్యవస్థ ద్రవ్యరాశి మళ్లీ 10 కిలోలే! చట్రం మారినా మారని ఈ గుణానికి మరో మాట తప్పకుండా కావాలి. నేను ‘అచరం’ అని రాస్తాను. రెండింటికీ నిత్యత్వమే వాడితే విద్యార్థి శక్తి కూడా అందరికీ ఒకటేననుకుంటాడు, లెక్క మధ్యలో చట్రం మార్చేసి ఒక చట్రంలోని శక్తిని ఇంకో చట్రంలోని శక్తితో సమానం చేస్తాడు. ఈ తప్పు ఎన్ని కాగితాల్లో దిద్దానో!

వ్యాఖ్య: నాకు ‘ద్రవ్యవేగం’తోనే ఇబ్బంది. ఫోటాన్‌కు (కాంతి కణానికి) ద్రవ్యరాశి సున్నా, ద్రవ్యవేగం మాత్రం ఉంటుందంటారు. పేరే అడ్డం తిరుగుతోంది కదా?

జవాబు: నిజమే. ద్రవ్యరాశిని వేగంతో గుణించాలన్న సూత్రం ఆ పేరులోనే ఉంది. న్యూటన్ లెక్కలకు అది సరిపోయింది, ఇక్కడ సరిపోదు. అయినా పాతుకుపోయిన మాట, పేరుగా ఉంచుకుని సూత్రంగా చదవకపోతే చాలు. తటస్థ పయాన్ అనే కణం ద్రవ్యరాశి సుమారు 135 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల శక్తినీ ద్రవ్యరాశినీ చెప్పే ప్రమాణం). నిలకడగా ఉన్న పయాన్ విఘటనమైతే తలా 67.5 ఎంఈవీ శక్తితో రెండు ఫోటాన్లు వ్యతిరేక దిక్కుల్లో పోతాయి. విడివిడిగా రెండింటి ద్రవ్యరాశీ సున్నా, జంటగా తీసుకుంటే 135.

అందుకే ‘ద్రవ్యరాశి శక్తిగా మారింది’ అన్న వాక్యం నాకు నచ్చదు. పాలు పెరుగుగా మారాయంటే ఇక పాలు లేవని. ఇక్కడ అలా ఏదీ పోలేదు. ప్రోటాన్ 938.272, న్యూట్రాన్ 939.565 ఎంఈవీ. కలిసి డ్యూటెరాన్ అయితే 1875.613. తగ్గిన 2.224 గామా కిరణంతో బయటికి వెళ్లింది. దాన్ని కూడా వ్యవస్థలో కలుపుకుంటే ఏమీ తగ్గలేదు. 1905లో ఐన్‌స్టీన్ రాసింది కూడా వస్తువు ద్రవ్యరాశి దాని శక్తికి కొలత అనే.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా మారుస్తాను. ‘అతుక్కున్న ముద్ద ద్రవ్యరాశి, విడి ముద్దల ద్రవ్యరాశుల మొత్తం కంటే ఎక్కువ. వ్యవస్థ ద్రవ్యరాశి మాత్రం అభిఘాతానికి ముందూ తర్వాతా ఒకటే.’

జవాబు: చాలా బాగుందండీ. ‘వ్యవస్థ’కు ముందు ‘వివిక్త’ (బయటితో ఏ ఇచ్చిపుచ్చుకోలూ లేని) చేర్చండి. ఆ ముద్ద వేడిని బయటికి వదిలి చల్లారితే 10 కిలోలు ఉండదు.