బూట్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ కూలితే: ముందు దాన్ని ఆపాలా, ముందు కారణం పట్టుకోవాలా?

తొలి_అడుగు:
లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ చేసిన మర్నాటి నుంచి నా డెస్క్‌టాప్ లాగిన్ తెర దాకా రావడం లేదు. ఆన్ చేసిన మూడు నాలుగు సెకన్లకే తెల్లటి అక్షరాలు వరదలా వచ్చి నిలిచిపోతున్నాయి. ఫోనుతో ఫొటో తీశాను. అందులో నాకు అర్థమైనంత వరకు: పైన నల్ పాయింటర్ అన్న మాట, దాని పక్కన వరుసగా సున్నాలు, చివర 28. కొంచెం కింద ఆర్‌ఐపీ (ప్రాసెసర్ ఆ క్షణంలో ఉన్న చోటు) అనే వరుసలో ఒక ఫంక్షన్ పేరు, ఆ పక్కనే చదరపు బ్రాకెట్లలో నా నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ పేరు. కదలకుండా కూర్చుంటే, ఏదో పని 120 సెకన్లకు పైగా ఆగిపోయి ఉందని ఇంకో సందేశం వస్తుంది. బూట్ మొదట్లో ఏ కెర్నల్ కావాలో అడిగే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే అంతా మామూలే. ఇది రాస్తున్నదీ దాని నుంచే.

కార్డు తయారీదారు పేరు కావాలనే రాయలేదు. తప్పు ఎవరిదో తేలకముందే ఒకరి మీద వేయడం నాకు ఇష్టం లేదు.

తెలిసినవాళ్లు ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. డ్రైవర్‌ను బ్లాక్‌లిస్ట్‌లో (ఎక్కించకూడనివాటి జాబితాలో) పెట్టేసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో పని కానివ్వమని ఒకరు. లాగ్ (కెర్నల్ సందేశాల చిట్టా) చేతికి వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దని మరొకరు. ఎవరి మాట వినాలి? ఎందుకో కూడా చెప్పండి.

రాత్రి_కాపలా:
మొదటి మాటే వినండి. నేను పదేళ్లుగా సర్వర్లు చూసుకుంటున్నాను. యంత్రం లేవకపోతే ముందు లేపాలి, విచారణ తర్వాత. గ్రబ్ మెనూలో కొత్త కెర్నల్ మీద నిలబడి ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నొక్కండి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివరికి వెళ్లి మోడ్‌ప్రోబ్ చుక్క బ్లాక్‌లిస్ట్ సమానం డ్రైవర్ పేరు చేర్చండి, ఎఫ్10 నొక్కండి. ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, డిస్కు మీద ఏదీ మారదు. దాంతో లేచిందంటే దోషి ఎవరో తేలినట్టే.

మూలశోధి:
చివరి వాక్యంతో నేను గట్టిగా విభేదిస్తున్నాను. డ్రైవర్‌ను ఆపితే లేచిందంటే, ఆ డ్రైవర్ నడిచే దారిలో ఎక్కడో క్రాష్ ఉందని మాత్రమే తేలింది. కూలిన చోటు, తప్పు జరిగిన చోటు ఒకటే కానక్కరలేదు.

దీనికి 2008లో జరిగినదే పెద్ద ఉదాహరణ. లినక్స్ 2.6.27 పరీక్షా విడుదలలు నడిపిన కొందరి యంత్రాల్లో ఇంటెల్ ఈ1000ఈ కార్డుల శాశ్వత మెమరీ పాడైపోయి, కార్డులు పనికిరాకుండా పోయాయి. అందరి చూపూ ముందు ఆ డ్రైవర్ మీదకే పోయింది. వారాలు వెతికాక అసలు కారణం ఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ వ్యవస్థలో దొరికింది. మాడ్యూళ్లు (డ్రైవర్ల లాగా కెర్నల్‌లోకి విడిగా ఎక్కే ముక్కలు) మొదలయ్యేటప్పుడు మాత్రమే అవసరమయ్యే కోడ్‌ను, పని అయిపోయాక కెర్నల్ మెమరీ నుంచి తీసేస్తుంది. ఎఫ్‌ట్రేస్ మాత్రం ఆ పాత అడ్రసులను గుర్తుపెట్టుకుని, తర్వాత అక్కడ రాయబోయింది. ఆలోగా అదే అడ్రసులోకి కార్డు మెమరీ వచ్చి చేరింది. డ్రైవర్‌ను అనుమానించి అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది బయటపడేదా?

రాత్రి_కాపలా:
మంచి ఉదాహరణే, కానీ సగమే చెప్పారు. కారణం తెలియని ఆ రోజుల్లో కొన్ని డిస్ట్రోలు (లినక్స్ కూర్పులు) చేసిన పని ఏమిటి? తమ పరీక్షా విడుదలల్లో ఆ డ్రైవర్‌ను ఆపి ఉంచాయి. ప్రతి బూట్‌లోనూ ఇంకో కార్డు చచ్చిపోయే ప్రమాదం ఉన్నప్పుడు, లాగ్ కోసం మళ్లీ మళ్లీ బూట్ చేయమని ఎవరైనా చెప్పగలరా? ఆపడం అంటే నింద వేయడం కాదు. నష్టం పెరగకుండా చూడటం.

మూలశోధి:
ఇది ఒప్పుకుంటాను. హార్డ్‌వేర్‌కో డేటాకో నష్టం జరిగే అవకాశం కనబడితే ముందు ఆపాల్సిందే. తొలి_అడుగు గారి విషయంలో అలాంటి సూచన ఏదీ లేదు. పాత కెర్నల్‌లో కార్డు మామూలుగా పనిచేస్తోంది.

నా భయం వేరే. జనం ఆ ఒక్క బూట్‌తో ఆగరు. ఒక ఫైలులో బ్లాక్‌లిస్ట్ వరుస రాసి మరిచిపోతారు. ఆ వరుస చేసే పని కూడా చాలామంది అనుకునేంత లేదు. కార్డు గుర్తింపు సంఖ్య చూసి యూడెవ్ (పరికరాలను గుర్తించే ప్రోగ్రామ్) తనంతట తాను డ్రైవర్‌ను ఎక్కించే దారిని మాత్రమే అది మూస్తుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే డ్రైవర్ ఎక్కుతుంది. మాడ్యూల్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (డిస్కు తెరుచుకోకముందు బూట్‌కు వాడే చిన్న ఫైళ్ల మూటలో) ఉంటే, ఆ మూటను మళ్లీ తయారు చేసేదాకా మీరు రాసిన వరుస అక్కడికి చేరదు. డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసి ఉంటే అసలు ఫలితమే ఉండదు. "బ్లాక్‌లిస్ట్ చేసినా కూలుతోంది, కాబట్టి డ్రైవర్ తప్పు కాదు" అని ఈ కారణంగానే తప్పుడు తీర్పుకు వచ్చినవాళ్లను చూశాను.

సోల్డర్_పొగ:
ఇద్దరూ సాఫ్ట్‌వేర్ వైపే చూస్తున్నారు. ముందు యంత్రాన్ని షట్‌డౌన్ చేసి, కరెంటు వైరు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. షట్‌డౌన్ చేసినా మదర్‌బోర్డుకు స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది, నెట్‌వర్క్ నుంచి నిద్రలేపే సదుపాయం నడిచేది దానితోనే. కార్డు ఏదైనా వింత స్థితిలో ఇరుక్కుంటే వైరు తీసేదాకా అలాగే ఉండిపోవచ్చు. తర్వాత కార్డు తీసి స్లాట్‌లో మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి.

రెండో_కిటికీ:
నేను విండోస్ మనిషిని, అయినా సోల్డర్_పొగ గారి మాటకు ఒకటి చేరుస్తాను. ఒకే యంత్రంలో రెండు సిస్టమ్‌లు ఉంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి చూడండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు, కెర్నల్ భాగం డిస్కు మీదకు వెళ్లి నిద్రపోతుంది. రీస్టార్ట్ చేస్తే రాని సమస్య షట్‌డౌన్ తర్వాతే వస్తోందంటే మొదట దీన్నే అనుమానిస్తాను.

అసలు చర్చకు వస్తే, మా వైపూ ఇదే గొడవ. బూట్‌లో నీలి తెర, దాని మీద నెట్‌వర్క్ డ్రైవర్ ఫైలు పేరు. వెంటనే డ్రైవర్ వెనక్కి మార్చేయమని సలహా. నేను మాత్రం ముందు మామూలు సేఫ్ మోడ్‌లోకి, తర్వాత నెట్‌వర్కింగ్ ఉన్న సేఫ్ మోడ్‌లోకి వెళ్తాను. మొదటిది లేచి రెండోది కూలితే వెతకాల్సిన పరిధి చాలా చిన్నదవుతుంది. ఇంకొక ముఖ్యమైన విషయం: కూలినప్పుడు డంప్ (ఆ క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలు) ముందుగా పేజ్‌ఫైల్‌లోకి (మెమరీకి తోడుగా డిస్కు మీద వాడే ఫైలులోకి) వెళ్తుంది, తర్వాతి బూట్‌లోనే విడి ఫైలుగా మారుతుంది. ఆ తర్వాతి బూట్ కూడా అంతకుముందే కూలితే మినీడంప్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. అందుకే కూలిన వెంటనే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి.

తొలి_అడుగు:
ఒకటే సిస్టమ్, లినక్స్ మాత్రమే. వైరు తీసి చూశాను, కార్డు తీసి మళ్లీ పెట్టాను. తేడా లేదు. ఈ ఒక్క బూట్‌కు డ్రైవర్‌ను ఆపితే మాత్రం కొత్త కెర్నల్ లేస్తోంది.

రాత్రి_కాపలా:
చూశారా. ఇక యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకుని పని చేసుకోండి. తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తారు.

మూలశోధి:
ఎవరు సరిచేస్తారు? ఈ కార్డు, ఈ అమరిక ఉన్నవాళ్లు అందరూ నిశ్శబ్దంగా ఆపేసి కూర్చుంటే, ఆ డ్రైవర్ చూసేవారికి ఈ సంగతి తెలిసేది ఎలా? కెర్నల్ కోడ్‌లో సగానికి పైగా డ్రైవర్లే. ప్రతి కార్డునూ ప్రతి అమరికలోనూ పరీక్షించడం ఎవరి వల్లా కాదు. మనం పంపే లాగ్‌లే వాళ్ల కళ్లు. ఈ మాట నేను ఎన్నిసార్లైనా చెబుతాను.

తొలి_అడుగు గారూ, మీ ఫొటోలోనే చాలా ఉంది. నల్ పాయింటర్ పక్కన ఉన్న 28 హెక్స్ (పదహారు ఆధారంగా లెక్కించే) అంకె, మన లెక్కలో 40. ఒక స్ట్రక్చర్ (కొన్ని వివరాలు కలిపి ఉంచే మెమరీ ముక్క) అడ్రసు ఉండాల్సిన చోట సున్నా ఉంది. డ్రైవర్ అది చూసుకోకుండా, ఆ స్ట్రక్చర్‌లో 40వ బైట్ దగ్గర ఉన్న దాన్ని చదవబోయింది. అంటే చేతికి రావాల్సిన వస్తువు ఏదో రాలేదు. ఎందుకు రాలేదన్నది దీనికంటే పై వరుసల్లో ఉంటుంది, ఫొటోలో అవి పైకి జరిగిపోయాయి.

ఇది కెర్నల్ పానిక్ కాదు, ఊప్స్. పానిక్ అయితే అంతా అక్కడితో ఆగిపోయేది. ఊప్స్‌లో తప్పు చేసిన పనిని మాత్రమే కెర్నల్ చంపేస్తుంది. అయితే ఆ పని చేతిలో పట్టుకున్న లాక్ (ఒకసారి ఒకరే వాడాల్సినదానికి వేసే తాళం) విడుదల కాలేదు, దాని కోసం ఎదురుచూస్తున్నవన్నీ ఇరుక్కున్నాయి. మీకు కనిపించిన 120 సెకన్ల సందేశం అదే. ఇందులో మీకు మేలు చేసే సంగతి ఒకటి ఉంది. కెర్నల్ ఇంకా బతికే ఉంది కాబట్టి లాగ్ డిస్కు మీదకు చేరి ఉండవచ్చు. ఇంకొకసారి కొత్త కెర్నల్‌తో, డ్రైవర్‌ను ఆపకుండా, కూలనివ్వండి. మూడు నిమిషాలు అలాగే వదిలేయండి. తర్వాత పాత కెర్నల్‌లోకి వచ్చి, జర్నల్‌లో (సిస్టమ్ లాగ్‌లను దాచే చోట) అంతకుముందు బూట్ తాలూకు కెర్నల్ సందేశాలు తీయండి. మొదటి ఊప్స్‌ను, దాని పైన ఉన్న ఇరవై వరుసలను పెట్టండి. రెండో ఊప్స్, మూడో ఊప్స్ ఉంటే పట్టించుకోవద్దు, అవి మొదటిదాని పర్యవసానాలు.

రెండో_కిటికీ:
జర్నల్‌లో లేకపోతే? నెట్‌కన్సోల్ పెట్టి కెర్నల్ సందేశాలను నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌కు పంపవచ్చు కదా.

మూలశోధి:
నెట్‌కన్సోల్‌కు పనిచేసే నెట్‌వర్క్ కార్డు కావాలి, ఇక్కడ కూలుతున్నదే అది. రెండో కార్డు ఉంటే సరే. లేకపోతే పీస్టోర్ చూడాలి, యూఈఎఫ్‌ఐ (మదర్‌బోర్డు సొంత బూట్ సాఫ్ట్‌వేర్) మెమరీలో చివరి సందేశాలు దాచేది అదే. అదీ కుదరకపోతే సీరియల్ కన్సోల్, అంటే సీరియల్ తీగ మీదుగా సందేశాలను ఇంకో యంత్రంలో చదవడం.

తొలి_అడుగు:
దొరికింది! జర్నల్‌లోనే ఉంది. ఊప్స్‌కు సరిగ్గా రెండు వరుసల పైన, అదే డ్రైవర్ పేరుతో, ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే కోడ్) ఫైలు ఎక్కించడం విఫలమైందనీ, కోడ్ మైనస్ 2 అనీ ఉంది. ఆ ఫైలు నా డిస్కులో ఉండాల్సిన ఫోల్డర్‌లోనే ఉంది. చేత్తో తెరిచి చూశాను.

మూలశోధి:
మైనస్ 2 అంటే ఆ పేరుతో ఫైలు కనబడలేదని. డ్రైవర్ మూడో సెకనులోనే ఎక్కుతోందంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ నుంచి ఎక్కుతోంది. అప్పటికి మీ డిస్కు ఇంకా మౌంట్ కాలేదు. డిస్కులో ఉన్న ఫైలు దానికి కనిపించదు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉన్న ఫైళ్ల జాబితా తీసి చూడండి. అలాగే పాత కెర్నల్ బూట్ లాగ్‌లో ఈ మైనస్ 2 వరుస ఉందేమో వెతకండి.

తొలి_అడుగు:
జాబితాలో మాడ్యూల్ ఉంది, ఫర్మ్‌వేర్ లేదు. ఆ మాడ్యూల్‌ను అందులో చేర్చింది నేనే. డిస్కు గుప్తీకరణ తాళాన్ని దూరం నుంచి తెరుచుకోవడానికి ఎప్పుడో పెట్టుకున్నాను. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే: పాత కెర్నల్‌లోనూ ప్రతి బూట్‌కూ ఆ మైనస్ 2 వరుస ఉంది, జర్నల్ ఎంత వెనక్కి వెళ్తే అంత వెనక్కి. అక్కడ డ్రైవర్ ఫర్మ్‌వేర్ లేకుండానే ముందుకు సాగిపోయింది. కొత్తదాంట్లో అదే చోట కూలుతోంది.

రాత్రి_కాపలా:
అంటే లోపం డ్రైవర్‌లోనే ఉంది. ఫైలు లేకపోతే మర్యాదగా తప్పుకోవాలి కానీ కూలకూడదు.

మూలశోధి:
అవును, డ్రైవర్‌లోనూ ఉంది. కానీ డ్రైవర్‌ను ఆపి ఊరుకుంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఫైలు లేదన్న సంగతి ఈయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. యూఎస్‌బీ అడాప్టర్‌తో తన తాళం దూరం నుంచి తెరుచుకునే ఏర్పాటు కూడా పోయేది, దాని మాడ్యూల్‌ను అందులో మళ్లీ చేర్చుకుంటే తప్ప.

రాత్రి_కాపలా:
ఈయన విషయంలో నిజమే. అయినా నా పద్ధతి మార్చుకోను. నా దగ్గర ఒక యంత్రం ఆగితే దాని మీద ఆధారపడిన పదిమంది చేతులు కట్టుకుని కూర్చుంటారు. మొదటి కూలుడుకే లాగ్ డిస్కు మీద పడేలా జర్నల్‌నూ పీస్టోర్‌నూ ముందే సిద్ధం చేసి ఉంచుతాను, అది మాత్రం ఈ చర్చ చూశాక ఈ రాత్రే మిగిలిన యంత్రాలన్నిటిలో చేస్తున్నాను. లాగ్ కోసం రెండోసారి కూలనివ్వడం నావల్ల కాదు.

సోల్డర్_పొగ:
పాత కెర్నల్‌లో బాగా నడుస్తోందంటే హార్డ్‌వేర్ నిర్దోషి అనుకోకండి, ఇది ఇతర పాఠకుల కోసం. కొత్త కెర్నల్ పీసీఐ లింకు విద్యుత్ పొదుపును కొత్తగా ఆన్ చేసి ఉండవచ్చు, అప్పటిదాకా దాగిన బలహీనత అప్పుడు బయటపడుతుంది.

తొలి_అడుగు:
ఫర్మ్‌వేర్ ఫైలును జాబితాలో చేర్చి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారు చేశాను. కొత్త కెర్నల్, డ్రైవర్ ఆపకుండా, వరుసగా నాలుగుసార్లు లేచింది. మైనస్ 2 వరుస పోయింది.

ఊప్స్ మొత్తం, దాని పైన ఇరవై వరుసలు, రెండు కెర్నల్‌ల వెర్షన్ సంఖ్యలు, కార్డు గుర్తింపు సంఖ్య కలిపి డ్రైవర్ నిర్వాహకులకు పంపాను. కూలేలా చేసిన పాత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైలును చెరపలేదు. వేరే పేరుతో దాచి, గ్రబ్ మెనూలో దానికి ఒక వరుస కూడా పెట్టాను. సవరణ వచ్చిన రోజు దానితోనే బూట్ చేసి చూస్తాను.