0.35 పెద్దదా, 0.5 పెద్దదా? అయిదో తరగతి పిల్లకు దశాంశాలు ఎలా చెప్పాలి?

కూకట్‌పల్లి అమ్మ:
మా అమ్మాయి అయిదో తరగతి. ఇరవై దాకా ఎక్కాలు వచ్చు, పెద్ద భాగహారాలు కూడా తడబడకుండా చేస్తుంది. దశాంశాలు మొదలైనప్పటి నుంచి లెక్కల పుస్తకం తీయమంటే ఏడుపే. 0.35, 0.5లలో ఏది పెద్దదని అడిగితే 0.35 అంటుంది. ముప్పై అయిదు కంటే అయిదు చిన్నది కదా అని వాదిస్తుంది. మొన్న పరీక్షలో 3/4ను శాతంగా రాయమంటే 34 శాతం అని రాసింది. నాకు మూడు సందేహాలు. భిన్నాలు గట్టిపడ్డాకే దశాంశాలకు వెళ్లాలా? ట్యూషన్ పెట్టించాలా? అబాకస్ తరగతులు దీనికి పనికొస్తాయా?

మెహదీపట్నం నాన్న:
మా వాడిదీ ఇదే కథ. నేను డబ్బుతో చెప్పాను. 0.5 అంటే యాభై పైసలు, 0.35 అంటే ముప్పై అయిదు పైసలు. ఒక్క సాయంత్రంలో దారికి వచ్చాడు. ఇంత సులువైన దారి ఉండగా బడిలో గళ్లూ గీతలూ ఎందుకు గీయిస్తారో నాకు అర్థం కాదు.

నల్లబల్ల:
ఇరవై ఎనిమిదేళ్లు ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. డబ్బుతో మొదలుపెట్టడమే ఈ జబ్బుకు మూలం. రూ. 3.50ని పిల్లవాడు మూడు రూపాయల యాభై పైసలు అని చదువుతాడు. వాడి దృష్టిలో చుక్కకు అటు ఒక లెక్క, ఇటు ఇంకో లెక్క. పైసల్లో ఎప్పుడూ రెండంకెలే ఉంటాయి కాబట్టి పొరపాటు బయటపడదు. మీ అబ్బాయికి 3.125, 3.4 ఇచ్చి ఏది పెద్దదో అడిగి చూడండి. పైగా 2011 జూన్ 30 నుంచి పావలా చెల్లదు. పైసను చేత్తో పట్టుకోని పిల్లలకు పైసలతో పోలిక ఏమి చెబుతాం?
ఇంకో మాట. 0.35ను ‘సున్నా పాయింట్ ముప్పై అయిదు’ అని చదవనివ్వకండి. ‘పాయింట్ మూడు అయిదు’ అనే చదవాలి. మూడు పదో వంతులు, అయిదు నూరో వంతులు. ముప్పై అయిదు అని నోటితో అన్న క్షణమే పిల్ల 5 కంటే అది పెద్దదని నమ్మేస్తుంది.

మోండా తూకం:
మాస్టారూ, మన్నించాలి. మాది మోండా మార్కెట్‌లో కిరాణా. రోజుకు రెండు వందల సార్లు దశాంశాలు చదువుతాను. తూకం మీద 1.350 కనపడితే కిలో మూడు వందల యాభై అంటాను. ‘ఒకటి పాయింట్ మూడు అయిదు సున్నా’ అంటే కొనేవాళ్లకు ఏమి అర్థమవుతుంది? నా పిల్లలిద్దరూ ఈ తూకం దగ్గరే కూర్చుని దశాంశాలు నేర్చుకున్నారు. ఒక్కరికీ 0.35, 0.5 తికమక రాలేదు.

నల్లబల్ల:
రాదు. మీ తూకం 0.5ను 0.500 అని, 0.35ను 0.350 అని చూపిస్తుంది. చివర సున్నాలు చేర్చి అంకెల సంఖ్య సమానం చేసేది తూకమే, మీ పిల్లలు కాదు. మీరు చెప్పినది నా మాటకే రుజువు.

మోండా తూకం:
అంటే మా పిల్లలు లెక్క రాకుండానే నెట్టుకొస్తున్నారని అంటున్నారా? పెద్దవాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బడిలో కూర్చుని బజారు లెక్కను తక్కువ చేయడం మీ వంటివారికి అలవాటు. నాలుగో తరగతి దాటని మా నాన్న వీసం, పరక వంటి చిన్న వంతులు కూడా తప్పకుండా నోటిలెక్క చేసేవారు.

నల్లబల్ల:
నేను మీ పిల్లలను అనలేదు. చివర సున్నా చేర్చి పోల్చమని పిల్లకు ముందే చెబితే జవాబు వస్తుంది, ఎందుకో తెలియదు. ఆ సున్నా చేర్చినా విలువ ఎందుకు మారదో తెలియాలి. అదే నా పట్టుదల, దీన్ని వదులుకోను.

ఉప్పల్ ఓవర్లు:
క్రికెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వాడికి దశాంశాలు చెడగొట్టింది అదే. 4.3 ఓవర్లు అంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర. ఇద్దరు బౌలర్లు 4.3, 3.4 ఓవర్లు వేస్తే కలిపి 7.7 అని రాశాడు. నిజానికి 8.1. 4.3 ఓవర్లలో 36 పరుగులు చేస్తే రన్‌రేటు 8. వాడు 36ను 4.3తో భాగించి 8.37 తెచ్చాడు. అది దశాంశ బిందువు కాదు, ఆరేసి బంతులను విడదీసే చుక్క మాత్రమే అని చెప్పడానికి నాకు వారం పట్టింది.

మెహదీపట్నం నాన్న:
ఎత్తు కూడా అంతే. ఇంట్లో అందరూ 5.10 అని రాస్తారు, అయిదు అడుగుల పది అంగుళాలకు. బడిలో 5.10 కంటే 5.9 పెద్దది, గోడ మీద మాత్రం 5.10 వాడే పొడగరి. నల్లబల్ల గారు చెప్పినట్టు మా వాడిని 3.125, 3.4 అడిగాను. 3.125 పెద్దదన్నాడు. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వీసం బామ్మ:
నాకు ఎనభై దాటాయి. మనవరాలు టైపు చేస్తోంది. మాకు పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం, ఒకటింబావు ఎక్కం అన్నీ నోటికి చెప్పించేవారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యం కొలిచే చేతికి భిన్నాలు వేరే నేర్పనక్కర లేదు. రూపాయికి పదహారు అణాలు, అణా అంటే వీసం వంతు, రెండణాలు బేడ. మా నిజాం రాజ్యంలో ఏడు హాలీ రూపాయలకు, అంటే నిజాం రూపాయలకు, ఆరు కల్దార్ రూపాయలు, అంటే బ్రిటిష్ రూపాయలు ఇచ్చేవారు, ఆ మార్పు మా నాన్న మాటల మధ్యనే చేసేవారు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. బజారు నుంచి వచ్చి మా అమ్మ అణాలను పైసల్లోకి మార్చలేక కుంగిపోవడం నాకు గుర్తుంది.
కూకట్‌పల్లి తల్లీ, మీ పాప 34 అని రాయడానికి కారణం నాకు తెలుసు. 3/4ను ఆమె ‘త్రీ బై ఫోర్’ అంటుంది. అందులో వినపడేవి మూడు, నాలుగు. ముప్పావు అని అనిపించండి. నూటికి ముప్పావు ఎంత అని అడగండి.

దిల్‌సుఖ్‌నగర్ గురువు:
బామ్మగారికి నమస్కారం. కానీ ముప్పావు అంటే పిల్లలు పరీక్షలో ఏమి రాస్తారు? పన్నెండేళ్లుగా బ్యాంకు పరీక్షల అభ్యర్థులకు చెబుతున్నాను, వేలమందిని చూశాను. ఒకటే మందు: పట్టిక. 1/8 అంటే 12.5 శాతం, 1/6 అంటే 16 2/3 శాతం, 1/7 అంటే 14 2/7 శాతం. అయిదో తరగతిలోనే కంఠస్థం చేయిస్తే జీవితమంతా ఢోకా ఉండదు.

నల్లబల్ల:
మీ అభ్యర్థులకు ఇరవై రెండేళ్లు. ఈ పాపకు పదేళ్లు. ఇప్పటికే పుస్తకం చూస్తే ఏడుస్తున్న పిల్ల నోట్లో 16 2/3 కుక్కమంటారా? ఆ వచ్చే అభ్యర్థులు కూడా, ధర పది శాతం పెరిగి పది శాతం తగ్గితే మొదటికే వస్తుందని చెప్పేవాళ్లు కాదా?

దిల్‌సుఖ్‌నగర్ గురువు:
కొందరు అలాగే చెబుతారు. అందుకే నా దగ్గరకు వస్తారు. వంద నూట పదై, నూట పదిలో పది శాతం పదకొండు తగ్గి తొంభై తొమ్మిది అవుతుంది. ఇది నేను తొలి రోజే చెబుతాను. మీరు నన్ను బట్టీ మాస్టరును చేయవలసిన అవసరం లేదు.

నారాయణగూడ చాయ్:
బామ్మగారు ‘బై’ని తప్పు పట్టారు గానీ, ఆ మాటతోనే మా అన్న కూతురికి భిన్నం తెలిసింది. ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్ అంటే ఒక చాయ్ రెండు కప్పుల్లో. సూప్ టూ బై త్రీ అంటే రెండు సూపులు ముగ్గురికి, ఒక్కొక్కరికి 2/3. బై అంటే పంచడం. పౌనా చాయ్‌లో పౌనా అంటే కూడా ముప్పావే. పాపను హోటల్‌కు తీసుకెళ్లండి.

మోండా తూకం:
శాతం అని కాకుండా నూటికి అనండి. నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకు ఒక శాతం, ఏడాదికి పన్నెండు. మా వీధిలో ఇది తెలియని పిల్ల లేదు. దీనికీ బడిలో వేరే పాఠం.

కూకట్‌పల్లి అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. ట్యూషన్ గురించి, అబాకస్ గురించి ఒక్కరూ చెప్పలేదు. జరిగింది చెబుతాను. నల్లబల్ల గారి పదో వంతు, నూరో వంతు మాట పట్టుకుని గళ్ల నోటుపుస్తకంలో పది అడ్డం, పది నిలువు, వంద గడుల చతురస్రం గీయించాను. ఒక్కో నిలువు వరుస పదో వంతు, ఒక్కో గడి నూరో వంతు. 0.5కు అయిదు వరుసలు రంగు వేసింది. 0.35కు మూడు వరుసలు వేసి, పక్కన అయిదు గడులు వేసి ఆగిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే 0.5 పక్కన 0.50 అని రాసింది. నేను సున్నా మాట ఎత్తలేదు.
ముప్పావు కూడా బామ్మగారి మాటతోనే వచ్చింది, డెబ్బై అయిదు గడులు. 1/3 దగ్గర చిక్కుకున్నాం. ముగ్గురికీ ముప్పై మూడేసి గడులు పంచితే ఒక గడి మిగిలింది. ఆ గడిని పది చేసి మూడేసి పంచింది, మళ్లీ ఒకటి మిగిలింది. ‘ఇది ఎప్పటికీ అయిపోదా అమ్మా’ అని అడిగింది. రాత్రి పడుకునే ముందు మళ్లీ అడిగింది.

నల్లబల్ల:
ఆ ప్రశ్న అడిగిన పిల్లకు ట్యూషన్ వద్దు. అబాకస్‌తో కూడికలు వేగమవుతాయి, ఈ చిక్కు తీరదు. రేపు 1/7ను భాగహారంతో చేయించండి, బామ్మగారి ఏడు హాలీ రూపాయల లెక్కే. 142857 అని ఆరంకెలు వచ్చి మళ్లీ మొదటికి వస్తాయి. ఎక్కడ తిరిగి మొదలవుతుందో ఆమెనే కనిపెట్టనివ్వండి.

మోండా తూకం:
మాస్టారూ, నిన్న కోపంలో మాట జారాను. కానీ ఇది చెప్పండి. మా తూకం అయిదేసి గ్రాముల చొప్పునే చూపిస్తుంది. కిలో మిర్చి ఏడుగురు పంచుకుంటామంటే ఒక్కొక్కరికి 0.145 తూచాలి. ఏడుసార్లు తూస్తే 1.015 అవుతుంది. ఆ పదిహేను గ్రాములు ఎవరి వాటాలో తగ్గించాలి?